ఫారం దగ్గర నేను గెలిచిన వాదన

ఒక మనిషి కాళ్లతో సంపాదించుకున్న మోపెడ్‌ని నోటితో పోగొట్టిన మహాతల్లిని నేనే. నవ్వదలచుకున్నవాళ్లు ముందే నవ్వేయండి. చివరికి వచ్చేసరికి మీకా ఉత్సాహం మిగలకపోవచ్చు.

అప్పటికి నాకు ముప్ఫయ్యారేళ్లు. గోపాలపట్నంలో కాపురం. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం, నాకు జూనియర్ కాలేజీలో సివిక్స్ పాఠాలు. గోదావరి జిల్లా నుంచి కాపురానికి పంపేటప్పుడు మావాళ్లు సారెతోపాటు నోరు కూడా కాస్త ఎక్కువే పెట్టి పంపారు. కాలేజీలో మాట్లాడితే జీతం ఇచ్చేవారు. మిగతా వేళల్లో ఉచితంగానే మాట్లాడేదాన్ని.

మా వీధికి నూకరత్నం చేపలు తెచ్చేది. హార్బర్‌లో నెత్తికెత్తుకున్న గంప మా పేటలోనే దించేది. బస్సెక్కబోతే కండక్టరు ముక్కు మూసుకుని మరీ రైట్ కొట్టేవాడు. అందుకని నడక. నడక అని మర్యాదకి అంటున్నాను, ఎండెక్కితే చేప మెత్తబడుతుందని నిజానికి పరుగే. అలా మోసీ మోసీ ఆ ఏడు మెడ బిగుసుకుపోయింది. పిలిస్తే తల తిరిగేది కాదు, అలమరా జరిపినట్టు మనిషంతా తిరిగేది. బరువు మొయ్యొద్దని పెద్దాసుపత్రిలో చెప్పారట. మొయ్యకపోతే చేపలు వాటంతటవే నడిచొస్తాయా?

అలాంటి రోజుల్లో పేపర్లో ప్రకటన పడింది. నగరంలో పది కిలోమీటర్ల పరుగు పందెం, ఆడవాళ్లలో మొదట వచ్చినవాళ్లకి మోపెడ్.

"నూకాలూ, నువ్వు పరిగెత్తాలే!" అన్నాను గుమ్మంలోంచే.

"ఎవులు తరుంతన్నారని?"

"గెలిస్తే మోపెడ్ ఇస్తారు."

గంప దించింది. "ఎనకాల గంప కట్టుకోడానికి అవుద్దేటి?"

"రెండు గంపలు కట్టుకో. నడపడం వచ్చా నీకు?"

"తెప్ప నడిపినోలింట పుట్టినాను. రెండు సక్రాలేటి, నేర్సుకుంతాను." ఆ పూట చేపలు కోస్తున్నంతసేపూ హారన్ ఎలా ఉంటుందో, పెట్రోలు ఎక్కడ పోస్తారో అడుగుతూనే ఉంది.

తోడుగా నేనూ పరిగెత్తుతానన్నాను. ఎవరూ అడగలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే మా ఆయన కాన్వాసు బూట్లలో పాతగుడ్డలు కుక్కుకుని వీధిన పడ్డాను. మొదటిరోజే ఎదురింటి సింహాచలమమ్మ చేట పట్టుకుని అడ్డం వచ్చింది.

"అయ్యో, ఇంట్లో ఎవులికి బాగోలేదమ్మా? ఆటో పిలవమంతావేటి?"

"ఎవరికీ ఏం కాలేదండీ, ప్రాక్టీసు!"

"నాకాడ దాస్తావేటమ్మా. ఏ ఆసుపత్రిలో ఏసినారు?"

సాయంత్రానికి మా ఆయన పోయాడని సందు చివరిదాకా వార్త పాకింది. పాపం ఆయనే స్వయంగా వెళ్లి పాలు తెచ్చుకుని ఖండించవలసి వచ్చింది.

ఇక అసలు ఘనకార్యం. పేర్లు ఇచ్చేచోట టేబుల్ వెనక ఒక కుర్రగుమస్తా కూర్చున్నాడు.

"ఇద్దరికీ మెడికల్ సర్టిఫికెట్ ఉందా మేడమ్?"

నాది నా సంచీలో భద్రంగా ఉంది. మా ఆయన పోర్టు డిస్పెన్సరీలో ఒక్క సంతకంతో వచ్చేసింది. ఇది గుర్తుపెట్టుకోండి, నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది. ఆ కాగితం అలా సంచీలో ఉండగానే గొంతు పెంచాను.

"ఈమెకి సర్టిఫికెట్టా? రోజూ గంపతో నగరం సగం దాటే మనిషి! మీ డాక్టర్ని పిలు. రెండు కరెంటు స్తంభాల దూరం ఈమె పక్కన నడవమను. సర్టిఫికెట్ ఎవరికి కావాలో తేలిపోతుంది!"

"రూల్ మేడమ్."

"రాజ్యాంగంలో ఏ అధికరణలో ఉంది?"

"ఫారం వెనకాల ఉంది మేడమ్."

నూకరత్నం నా కొంగు లాగింది. "పంతులమ్మా, డాట్టరు పక్కీదిలోనే ఉన్నాడు గందా. బేగెల్లి రాయించుకొచ్చెత్తాను."

"నువ్వుండు! ఇది నీ ఒక్కదాని సంగతి కాదు, సూత్రం!"

"సూత్రం నా మెళ్లోనే ఉంది గందా," అని తడిమి చూసుకుంది పిచ్చిది.

వెనక వరస పెరిగింది. నేను సమానత్వం చెప్పాను, శ్రామిక మహిళల గౌరవం చెప్పాను, కాలేజీలో రెండు వారాలు పట్టే సిలబస్ అక్కడే పూర్తిచేశాను. చివరికి కుర్రాడు నుదురు తుడుచుకుని పసుపురంగు ఫారం ఒకటి తీశాడు.

"సర్టిఫికెట్ అక్కర్లేనిది ఇదొకటుంది. కానీ మేడమ్, దీంట్లో..."

"కానీలూ లేవు, అర్ధణాలూ లేవు! ఇందాకే ఇస్తే పోయేదిగా?"

నా చేత్తోనే నింపాను. సాక్షి సంతకం కూడా, కింద రెండు గీతలు లాగి మరీ పెట్టాను. ప్రశ్నపత్రం రెండుసార్లు చదవమని ఏటా పిల్లలకి చెప్పే నేను, ఆ ఫారం శీర్షిక ఒక్కసారి కూడా చదవలేదు. వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. దండ వెయ్యలేదన్న కొరత తప్ప నాకు ఇంకేం తోచలేదు.

పందెం రోజు బీచిరోడ్డు నిండా జనం. నా ఛాతీ మీద తెల్ల నంబరు, నూకరత్నానికి పసుపుది. చీర మోకాళ్లదాకా ఎగ్గట్టింది, చెప్పుల్లేవు. "గంప లేపోతే సేతులేటి సెయ్యాలో తెలీటంలేదు పంతులమ్మా," అంది. విజిల్ వేయగానే దూసుకుపోయింది, ఒక చెయ్యి నెత్తిమీద లేని గంపని పట్టుకునే! నేను చూసింది అంతవరకే. తర్వాత నాకు కనిపించినవి మజ్జిగ బల్లలు, నన్ను దాటిపోతున్న ముసలివాళ్లు, ఇంకా నా ప్రాణం.

సగం నడిచి, పావు ఈడ్చుకుని, మిగతాది దేకినట్టే చేరేసరికి స్టేజీ మీద బహుమతులు పంచుతున్నారు. నూకరత్నం కింద నిలబడి ఉంది. ఆడవాళ్లందరిలో మొదట చేరింది తనే, చూసినవాళ్లంతా చెప్పారు. మోపెడ్ మీద మాత్రం ఎవరో కాలేజీ అమ్మాయి కూర్చుని ఫోటో దిగుతోంది.

"నాను ముందొచ్చినాను. ఆ గుంట నా ఎనకాలొచ్చింది," అంది నూకరత్నం. "నాకెందుకియ్యరేటి? అడుగు పంతులమ్మా, నీకు సదువొచ్చు."

వెళ్లి అరిచాను. నిర్వాహకుడు చాలా మర్యాదస్తుడు. పసుపు ఫారం తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. పైన పెద్దక్షరాలతో ఉంది: 'సరదా పరుగు. బహుమతులకు పరిగణించబడదు.' కింద నా సంతకం, రెండు గీతలతో.

పిల్లలకి చెప్పినట్టే ఈసారి రెండుసార్లు చదివాను. అప్పుడే మైకులో నా పేరు వినిపించింది. ముప్ఫయ్ అయిదు దాటిన ఆడవాళ్ల పోటీలో మూడో స్థానం! ఆ పోటీలో పేర్లిచ్చినవాళ్లం ముగ్గురమే. ఇద్దరు కుర్రాళ్లు చెరో రెక్కా పట్టి స్టేజీ ఎక్కించి, మెళ్లో పతకం వేశారు. దిగి చూస్తే నూకరత్నం చీర కుచ్చెళ్లు సర్దుకుంటోంది.

"నూకాలూ, మళ్లీ ఏడు సర్టిఫికెట్‌తో..."

మనిషంతా నావైపు తిరిగింది. కోపం లేదు. ఉంటే బాగుండేది, కోపంతో వాదించడం నాకు వచ్చు.

"నా మంచికే సేసినావు పంతులమ్మా," అంది. "ఇంకోపాలి సెయ్యకు."

మరుసటి ఏడు పందెం పెట్టలేదు. నూకరత్నం ఇంకో రెండేళ్లు మా వీధికి వచ్చింది, గంపతోనే. తర్వాత మెడ ఒప్పుకోలేదని మానేసింది.

కాబట్టి పాఠకుల సమక్షంలో, నిండు స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి తరఫునైనా వాదించబోయే ముందు ఆ మనిషిని ఒకమాట అడుగుతాను. వద్దంటారేమోనని ఎంత భయం వేసినా సరే, అడుగుతాను.