గొంగడి గ్లౌజులు

ఆ రోజుల్లో చలికి ఇప్పటిలా మొహమాటం ఉండేది కాదు. మా జనగామలో మార్గశిరం వచ్చిందంటే నోట్లోంచి మాటకంటే ముందు పొగ వచ్చేది. పత్తి మార్కెట్టుకు వచ్చిన ఎద్దులు కాడి దించగానే పత్తి బోరాల మధ్య దూరాలని చూసేవి (నమ్మకపోతే ఎద్దులనే అడగండి). అలాంటి తెల్లవారుజాముల్లో నేను బడి మైదానంలో రింగు ఆడేదాన్ని. నడుమ నెట్టు, అటొకరు ఇటొకరు. రబ్బరు రింగును ఒంటిచేత్తో పట్టుకుని, ఆ చేత్తోనే వెంటనే అవతలికి విసరాలి. కిందపడితే పాయింటు పోయినట్టే. చలికి ఆ రబ్బరు ఇనుపకడియమై, పట్టుకున్నప్పుడల్లా అరచేతిలో తేనెతుట్టె కదిలినట్టుండేది. వేళ్లు నావేనా, ఎవరివైనా అడిగి తెచ్చుకున్నానా అని అనుమానం వచ్చేది.

ఆ ఏడాది పోటీల్లో ఆఖరి ఆట మానుకోట పిల్లతో పడింది. రింగును గాల్లోనే తన్నుకుపోతుందని ఆమెను మేం ‘డేగ’ అనేవాళ్లం. అంతకంటే పెద్ద గండం ఇంట్లో ఉంది. “పదో తరగతి పిల్లకు గీ ఎగురుడేంది? గీ ఒక్కటి ఆడు. గెలిస్తివా నీ ఇష్టం, ఓడితివా రింగు బందు” అని బాపు తేల్చేశాడు. బాపు మాట పడ్డ రైలుగేటు. కింద నుంచి దూరడానికి కూడా సందుండదు.

చలిని గెలిస్తేనే డేగను గెలుస్తానని తీర్మానించుకుని గ్లౌజుల వేటలో పడ్డాను. అన్న మోటారు షాపులో తోలువి దొరికాయి. వాటి వేళ్లు వంచడానికి ఇంకో మనిషి కావాలి. మేనత్త అల్లిన ఉన్నివి మెత్తగా ఉన్నాయిగానీ, వాటిలో రింగు కొర్రమీనులా జారింది. అన్న సాక్సులు కోసి తొడిగితే, ఆ వాసనకు రింగే దగ్గరికి రాలేదు. చివరికి బాపును కన్న మా బాపమ్మ వక్క నములుతూ, గొర్రె ఎన్నడన్నా చలికి వణికిందా అని అడిగింది. అడగడంతో ఆగలేదు, బాపు కొత్తగా కొన్న గొంగడి రెండు మూలలు కత్తిరించి దబ్బనంతో కుట్టింది. బాపు ఏమంటాడోనని నేను జంకితే, “మీ బాపుకు మూలలతోని ఏం పనే, నడుమ కప్పుకుంటడు” అంది.

మధ్యాహ్నం ఎండ పూట వేసుకుని చూశాను. అద్భుతం! రింగు వచ్చి చేతిలో కూర్చుంటే లేవమని బతిమాలాల్సినంత పట్టు. కొత్త గొంగడి పోగులకు చింతగింజల గంజి పట్టిస్తారని, నాలుగు వానలకు తడిస్తే తప్ప ఆ జిగురు పోదని బాపమ్మకు తెలుసు. పొద్దున్నే గడ్డిమీద మంచు ఉంటుందన్న సంగతే ఆమె మరిచింది.

ఆట మొదలైంది. మంచులో పొర్లిన రింగు నా చేతికి తగిలింది, గంజి కరిగింది, ఇక రింగు నన్ను వదలలేదు. “ఇడువు బిడ్డా, ఇడువు, గట్ల పట్టుకోని ఉండొద్దు” అని ఆట నడిపే డ్రిల్లు సారు. విడవనిది నేనా! పాయింట్లు పోతూనే ఉన్నాయి. పళ్లు బిగించి, భుజం ఊడినా సరేనని విసిరాను. రింగుతోపాటు గ్లౌజూ పోయింది. నల్లగా, బొచ్చుతో, అయిదు వేళ్లూ చాపి మీదికొస్తున్న ఆ చేతిని చూసి డేగ ఒక చెప్పు వదిలేసి మానుకోట దిక్కు పరుగెత్తింది. గ్లౌజు ఎగరకూడదని ఏ రూలూ లేదు కాబట్టి సారు చాలాసేపు ఆలోచించి పాయింటు నాకే ఇచ్చి, రెండోది కూడా తీయించాడు.

చెప్పు కోసం డేగ తిరిగొచ్చాక ఆట సాగింది. ఇక ఉత్తచేతులే. వేళ్లు నీలమైనా ఒక్క రింగునూ ఊరికే వదల్లేదు. పాయింట్లు వెనక్కి లాక్కుంటూ గెలుపు అంచుదాకా వచ్చి, అక్కడ ఓడిపోయాను.

తలెత్తితే గీత అవతల బాపు, ఒంటిమీద అదే గొంగడి. కిందపడ్డ గ్లౌజును తీసి, మూల లేని చోట ఆనించి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. గొంగడి శిక్ష, ఓటమి శిక్ష రెండూ ఒక్కసారే పడతాయని కళ్లు మూసుకున్నాను.

“ఎలుకలు కొట్టినయనుకున్న” అన్నాడు. గ్లౌజును చంకలో పెట్టుకుని, “గీడ ఓడింది నువ్వు కాదు, నా గొంగడి. రేపటి సంది ఉత్తచేతులతోనే ఆడు” అన్నాడు.

ఇప్పుడు పాలప్యాకెట్టు తేవడానికి కూడా స్వెటరు, మఫ్లరు, దుకాణంలో కొన్న మెత్తటి గ్లౌజులు నాకు. బడి మైదానం పక్కనుంచి వెళ్లేటప్పుడు మాత్రం కుడిచేతి గ్లౌజు తీసేస్తాను. ఎవరైనా అటునుంచి రింగు విసిరితే, అందుకోవడానికి సిద్ధంగా ఉండాలి కదా.