బావ బిగించిన చక్రాలు

ఆ వీధిలో అతనిని అసలు పేరుతో పిలిచేవారు లేరు. మరమేకు అంటే చాలు, మెట్లకింది గది చూపిస్తారు. ఒకప్పుడు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఇప్పుడు రిమోటుతో నడిచే ట్రక్కులు బాగుచేస్తున్నాడు. అవి చంటిపిల్లల ఆటవస్తువులు కావు. మూరెడు పొడవే అయినా నిజమైన బండికుండే అంగాలన్నీ వాటికి ఉంటాయి. పెద్దవాళ్లే వాటిని మట్టిదిబ్బల మీద పరుగెత్తించి, విరగ్గొట్టుకుని, ముఖం వేలాడేసుకుని అతని గుమ్మం ఎక్కుతారు.

ఓపిక అతని విద్యలో సగం. మోటారు గోలపెడుతున్నా చక్రాలు కదలకపోతే అతడు మోటారును నిందించడు. దాని కొననున్న చిన్న పళ్లచక్రం వదులైందేమోనని చూస్తాడు. రెండు పళ్లచక్రాలను జతపరిచేటప్పుడు నడుమ సన్నని కాగితపు ముక్క పెట్టి, బిగించాక దాన్ని లాగేస్తాడు. ఆ కాగితమంత ఎడమే వాటి స్నేహానికి ఆయుష్షు అంటాడు. ఎడం పెరిగితే పళ్లు అరుగుతాయి, తరిగితే మోటారు కాగిపోతుంది.

ఇంతటివాడిని ఒక ట్రక్కు చాలాకాలం ఏడిపించింది. అది అతని బావది.

బావ జీవితమంతా లారీ తోలినవాడు. పక్షవాతంతో కుడిచేతి పట్టు పోయింది. వ్యాయామం చేయించే డాక్టరమ్మ రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే, తానేమీ పసివాణ్ణి కానని దాన్ని మంచం కిందికి దొర్లించాడు. అక్క తమ్ముడి దగ్గరికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. మరమేకు ఆలోచించి, ఒక పాత ట్రక్కును సిద్ధంచేసి, దాని పానాతో సహా బావ ఒళ్లో పెట్టాడు. దాని రిమోటును ఎడమచేత్తో పట్టుకుని మీట నొక్కాలి. పక్కనున్న బుల్లి స్టీరింగును కుడిచేతి వేళ్లతో తిప్పితేనే బండి మలుపు తిరుగుతుంది. బంతిని ఒల్లనన్న చెయ్యి స్టీరింగును కాదనలేకపోయింది. సాయంత్రాలు ఇంటివెనుక ఖాళీస్థలంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, బావ ముఖంలో పూర్వపు దర్పం తొంగిచూసేది.

అంతలో ట్రక్కు మొరాయించింది. కాసేపు పరుగెత్తగానే మోటారు కాగేది; ఆ వేడికి స్పీడ్ కంట్రోలరు కరెంటు ఆపేసేది. మరమేకు దాన్ని తన గదికి తెచ్చి, ఎప్పటి అలవాటు ప్రకారం ముందుగా చక్రాలు ఊడదీసి మట్టి కడిగేవాడు. నట్లు మొండికేస్తే తడిమట్టి పట్టిందనుకున్నాడు. తిరిగి అమర్చి నడిపితే బల్లమీద తుమ్మెదలా పాడేది. బావ చేతికి చేరగానే మళ్లీ అదే రోగం. మోటారు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, కాగితం పెట్టి పళ్లచక్రాలు సరిచూశాడు. ఫలితం లేదు.

“నీ దగ్గర బుద్ధిగా తిరుగుతుంది, నా దగ్గర అలిగి కూర్చుంటుంది. అచ్చం మీ అక్కే” అని బావ ఎత్తిపొడిచాడు. ఆపైన గొంతు తగ్గించి, ఇంకొక్కసారి మధ్యలో ఆగితే రిమోటు ముట్టనన్నాడు. వంటగది గుమ్మంలో ఉన్న అక్క నవ్వలేదు. ఆ చెయ్యి మళ్లీ మంచానికి అంటుకుపోతుందని ఆమెకు తెలుసు, తమ్ముడికీ తెలుసు.

మరునాడు అతడే ట్రక్కును తెచ్చి బావకిచ్చి, మంచినీళ్లకని లోపలికి వెళ్లాడు. తిరిగివచ్చి, బండిని నేలమీద దించబోతూ ముందుచక్రాన్ని వేలితో మీటాడు. పొద్దున గిర్రున తిరిగిన చక్రం అరచుట్టు కూడా తిరగలేదు.

“బావా, వీటిని ఎవరు బిగించారు?”

“నేనే. రోజూ బండి కదిలేముందు నేనే బిగిస్తా. నువ్వు వేసే నట్లు ఉత్త అలంకారానికి. లారీ చక్రాన్ని అలా వదిలేస్తే మనకంటే ముందు ఊరు చేరుతుంది.”

ఈ బుల్లి బండికి అంత బిగువు పనికిరాదని, బేరింగులు నలిగి చక్రాలు పట్టేస్తాయని, ఆ భారమంతా మోటారు మీద పడుతుందని మరమేకు చెప్పసాగాడు. చెబుతూనే పానా వేసి తిప్పాడు. నట్టు కదలలేదు. పళ్లు బిగబట్టి మళ్లీ తిప్పాడు. పానా వదిలి బావ వైపు తిరిగాడు.

“ఏ చేత్తో బిగించావు బావా?”

“ఏ చేత్తో ఏమిట్రా. ఎడమచేత్తో చక్రం పట్టుకుని, కుడిచేత్తో పానా...”

బావ తన చేతిని పరాయివాడి చేతిలా చూసుకున్నాడు. శరీరాన్ని రథమన్న పెద్దలు దాన్ని తోలేవాడిని గురించే ఎక్కువగా చెప్పారు. ఎవరూ గమనించని వేళ కీళ్లు కూడగట్టుకునే బలాన్ని గురించి తక్కువ.

అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, తన చెయ్యి చాపి పట్టుకోమంది. బావ పట్టుకున్నాడు. ఆమె కళ్లు నిండాయి.

“మెల్లగా. నేనేం లారీ చక్రాన్ని కాను” అంది.

మరమేకు నట్లను కాస్త సడలించాడు. ఆ సాయంత్రం బ్యాటరీ అయిపోయేదాకా ట్రక్కు ఆగలేదు.

ఇప్పుడు బావ మంచం పక్కన ఒక దిమ్మకు పాత లారీ నట్లు బిగించి ఉన్నాయి. ఎంత బలముంటే అంతా వాటిమీద చూపించుకోమని, ట్రక్కు జోలికి మాత్రం రావద్దని మరమేకు బతిమాలాడు. బావ మాట ఇచ్చాడు. అయినా బండిని నేలమీద దించేముందు, మరమేకు ప్రతి చక్రాన్నీ ఒకసారి వేలితో మీటి చూస్తాడు.