ఆగస్టులో క్రిస్మస్ స్టార్ వైరు

మొన్న మంగళవారం మధ్యాహ్నం రేపల్లెలో మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను కానీ, మధ్యలో ఎవరూ నవ్వకూడదు. సరే, నవ్వండి, టీ మాత్రం నా మీద పొయ్యకండి. నాకైతే ఆ షాక్ ఇంకా దిగలేదు. నా కుడిచెయ్యి చూసుకున్నప్పుడల్లా 'ఇది నాదేనా? ఇంత పని చేసిందా?' అనిపిస్తోంది.

ముందు నా గోల కొంచెం వినండి. ఐర్లండులో నెట్‌వర్కింగ్‌లో నా ఎమ్మెస్ అయిపోయింది, పట్టా కూడా చేతికొచ్చింది. చదువయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోమని ఇచ్చే గడువులో ఇంక నాలుగు నెలలే మిగిలాయి. ఈలోపు నాకు వర్క్ పర్మిట్ పెట్టే కంపెనీ ఒకటి దొరకాలి. దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. అప్లికేషన్లో అన్నీ బాగానే అడుగుతారు. పేరేంటి, ఏం చదివావు, ఏ సర్టిఫికెట్లున్నాయి. చివర్లో ఒక్క ప్రశ్న ఉంటుంది: 'మీకు స్పాన్సర్‌షిప్ అవసరమా?' అంటే, పర్మిట్ మేమే పెట్టాలా అని. అవునని టిక్ పెట్టి, టీ కప్పు నోటి దాకా తెచ్చేలోగా మెయిల్ వచ్చేస్తుంది. 'మీ ప్రొఫైల్ మాకెంతో నచ్చింది, కానీ...' ఆ 'కానీ' తర్వాత ఏముంటుందో చదవడం ఎప్పుడో మానేశాను.

ఒక సీనియర్ అక్క సలహా ఇచ్చింది. "నెట్‌వర్క్ ఆపరేషన్స్‌కి పెట్టు బ్లెస్సీ. నైట్ షిఫ్టులని అక్కడివాళ్లు పెద్దగా రారు. మనకి ఛాన్స్."

ఆ ఉద్యోగం ఏంటంటే, గోడ నిండా స్క్రీన్లున్న గదిలో కూర్చోవాలి. ఎక్కడన్నా నెట్ పోతే స్క్రీన్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఎందుకు పోయిందో కనిపెట్టాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలో వాళ్లకి చెయ్యాలి, మళ్లీ పచ్చ లైటు వచ్చేదాకా వదలకూడదు. చివరికి ఎవరి తప్పు వల్ల పోయిందో తేల్చి రిపోర్టు రాయాలి. పక్కవాళ్ల తప్పులు పట్టుకున్నందుకు జీతం! అంటే నాకోసమే పుట్టించారు కదా!

అలాంటి ఉద్యోగానికి ఒక కంపెనీ వాళ్లు, స్పాన్సర్‌షిప్ సంగతి తెలిసి కూడా, ఇంటర్వ్యూకి పిలిచారు. ఎప్పుడు పిలిచారు? అన్నయ్య పెళ్లికని నేను రెండు వారాలు ఇంటికొచ్చినప్పుడు. శనివారం బాపట్ల చర్చిలో పెళ్లయింది, ఆదివారం మెయిల్ వచ్చింది. మంగళవారం మన టైం రెండున్నరకి వీడియో ఇంటర్వ్యూ.

ఇక్కడ బాషా బాబాయ్ గురించి చెప్పాలి. మా వీధికి టీవీ కేబులూ నెట్టూ రెండూ ఆయనే ఇస్తాడు. నా చిన్నప్పట్నుంచీ ఆయన్ని ఏడిపించడం నాకో కాలక్షేపం. సోమవారం సాయంత్రం మా గేటు ముందు స్కూటర్ మీద కనపడ్డాడు.

"బాబాయ్, రేపు నాకు ఇంటర్వ్యూ ఉంది. నీ నెట్ రేపన్నా మేలుకుని ఉంటుందా, లేకపోతే అన్నం తిని కునుకు తీస్తుందా?"

"రేపు నీ కోసం మెలకువగానే ఉంటది పాపా. నాదీ పూచీ."

"పూచీ నువ్వు తీసుకుంటావు, నెట్ నిద్ర తీసుకుంటుంది. అసలు మా ఫీల్డులో నీలాంటి వాళ్లని ఏం చేస్తారో తెలుసా? గంటలో అసలు కారణం రాసివ్వమంటారు. రూట్ కాజ్! నువ్వు జీవితంలో ఎప్పుడన్నా రాశావా?"

"నాకు రాయడం రాదు పాపా, స్తంభం ఎక్కడం వచ్చు" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మంగళవారం రెండింటికి మా ఇంటి ముందు గది సర్దుకున్నాను. వెనక గోడకున్న క్యాలెండర్ తీసేశాను. అమ్మ స్కూల్లో ఉంది, నాన్న బాపట్ల ఆఫీసులో. ఇంట్లో నేనూ నాన్నమ్మే. లాప్‌టాప్‌కి అసలు బ్యాటరీయే లేదు. ఉబ్బిపోయిందని మీ తెనాల్లో షాపాయన తీసేసి, కొత్తది శుక్రవారం వస్తుందన్నాడు. కాబట్టి కరెంటు ప్లగ్గు తప్పనిసరి. ఆ గదిలో వెలుతురు బాగా పడే మూల ఒక్కటే ప్లగ్గుంది. అందులో దుమ్ము పట్టిన నల్ల వైరొకటి పెట్టి ఉంది. అది కిటికీ మీది వెంటిలేటర్ సందులోంచి బయటికి వెళ్లి, పైకి పోతోంది.

నాకు వెంటనే అర్థమైపోయింది. క్రిస్మస్ స్టార్! ప్రతి డిసెంబర్లో నాన్న డాబా మీద కర్ర కట్టి స్టార్ పెడతాడు, ఈ ప్లగ్గులోంచే వైరు లాగుతాడు. పెట్టేటప్పుడున్న హుషారు తీసేటప్పుడు ఉండదు. ఒకసారైతే ఈస్టర్ దాకా వెలిగింది.

"నాన్నమ్మా, నీ కొడుకు చూడు! ఆగస్టు వచ్చినా స్టార్ వైరు తియ్యలేదు!"

"తీసే ఉంటాడే. చూసి పీకు" అంది నాన్నమ్మ మంచం మీంచి.

చూడ్డానికేముంది? చటుక్కున పీకి, నా ఛార్జర్ పెట్టాను. టైం రెండూ పది. నెట్ చూశాను, పరుగులు పెడుతోంది. ఆహా బాబాయ్, మాట నిలబెట్టుకున్నావు అనుకున్నాను.

రెండున్నరకి స్క్రీన్ మీద ఇద్దరొచ్చారు. మేనేజర్ నోరా మేడమ్, పక్కన గడ్డం ఉన్న ఇంజనీరు ఒకాయన. ఆయన నోరు విప్పడు, రాసుకుంటూనే ఉంటాడు. మొదటి ఇరవై నిమిషాలూ నేను ఇరగదీశాను. నేనేనా మాట్లాడేది అని నాకే అనుమానం వచ్చింది. అప్పుడు మేడమ్ అడిగింది.

"ఒక వీధి మొత్తానికి సర్వీస్ పోయిందనుకో. నువ్వు మొదట ఏం చూస్తావు?"

"కరెంటు, మేడమ్" అన్నాను ఠపీమని. "జనం పెద్ద పెద్ద కారణాలు వెతుకుతారు. తీరా చూస్తే, ఎవరో ఏమీ తెలియని మనిషి ప్లగ్గు పీకేసి ఉంటారు."

గడ్డం ఆయన మొదటిసారి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వినట్టే ఇద్దరి మొహాలూ బిగుసుకుపోయాయి. మేడమ్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. టైం చూస్తే రెండూ యాభై ఐదు.

నెట్ పోయింది!

నాలుగు నెలలు, వర్క్ పర్మిట్, ఇన్ని నెలల 'కానీ'లు, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. ఫోన్ పట్టుకుని డాబా మీదికి పరిగెత్తాను, మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ దొరికేది అక్కడే. పెళ్లికొచ్చిన చుట్టాల దుప్పట్లన్నీ ఆరేసి ఉన్నాయి. వాటి మధ్య నిలబడి మీటింగులో మళ్లీ కలిశాను.

"సారీ మేడమ్, మా లోకల్ ఆపరేటర్ నెట్..." అంటుండగానే కింద ఎదురింటి మేరీ పిన్ని గొంతు. "బ్లెస్సీ! మీకూ పోయిందా? సరిగ్గా సీరియల్లో విషం కలిపిన పాలు తాగబోతుంటే పోయిందే!"

మేడమ్‌కి తెలుగు రాదు, కానీ గోల వినపడింది. ఏంటని అడిగింది. వీధంతా పోయిందని చెప్పాను. ఆవిడ కళ్లు మెరిశాయి.

"బాగుంది! మాకు ఇప్పుడు ఇంకొకరి ఇంటర్వ్యూ ఉంది. గంట తర్వాత మళ్లీ కలుద్దాం. ఈలోపు దీని రూట్ కాజ్ కనిపెట్టి చెప్పు. ఇదే నీ టెస్ట్."

అమ్మో! అయినా ధైర్యం చేసి కిందికి దిగాను. ఇంటింటికీ తిరిగాను. పక్క వీధిలో వస్తోంది, మా వీధిలో మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా లేదు. అంటే తప్పు మా వీధిలోనే ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అంటే కరెంటు ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి బాషా బాబాయ్‌కి ఫోన్ కొట్టాను.

"బాబాయ్, ఎక్కడున్నావు?"

"నగరం ఊళ్లో ఉన్నా పాపా, కాలవ తవ్వుతూ వైరు తెంపారంటే వచ్చా. ఏమైంది?"

"ఏమైందా! నీ పూచీ ఏమైంది? నా ఉద్యోగం పోతోంది ఇక్కడ! కరెంటుంది, వీధంతా నెట్ లేదు. అంటే నీ సామాన్లే చెడిపోయాయి. ఎప్పుడన్నా దుమ్ము దులిపావా వాటికి? ఇలా చేస్తే మా ఫీల్డులో ఉద్యోగంలోంచి తీసేస్తారు, తెలుసా?"

పాపం, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "వచ్చేస్తున్నా పాపా, కంగారు పడమాక" అన్నాడు. అంత దూరం నుంచి ఎండలో స్కూటరేసుకుని, చెమటలు కారుకుంటూ వచ్చాడు. అప్పటికి మా గేటు ముందు సగం వీధి చేరింది. నేను మధ్యలో పెద్ద ఆఫీసర్‌లా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

బాబాయ్ తిన్నగా మా ఇంటి వైపే నడిచాడు. గోడ మీద, సన్‌షేడ్ కింద ఒక ఇనప పెట్టె ఉంది. నేను దాన్ని మీటరు అనుకున్నాను. నిచ్చెనేసి తెరిచాడు.

"లైటు లేదే. బ్యాటరీ కూడా అయిపోయింది."

"ఇదేంటి బాబాయ్?" అన్నాను. కట్టుకున్న చేతులు అప్పటికే విప్పేశాను.

"వీధి మొత్తానికి టీవీ కేబులూ నెట్టూ వెళ్లేది ఇందులోంచే పాపా. నువ్వు చదువుకి వెళ్లిన ఏడాది పెట్టాం. కరెంటు మీ ఇంట్లోంచే. అందుకే మీకు కనెక్షన్ ఊరికే ఇస్తన్నాం. మీ నాన్నగారే ఒప్పుకున్నారు."

"మరి... బ్యాటరీ?"

"కరెంటు పోయినా ఓ ముప్పావు గంట లాగుద్ది. ఆ తర్వాత పడుకుంటది."

రెండూ పది నుంచి ముప్పావు గంట. నాకు లెక్కలు రావని ఎవరన్నారు? ఆ క్షణంలో రాకపోయినా బాగుండేది.

బాబాయ్ పెట్టెలోంచి దిగిన నల్ల వైరు మీద వేలు పెట్టాడు. వేలు గోడ వెంట కిందికి వచ్చింది. వెంటిలేటర్ దగ్గర ఆగింది. ఆయన లోపలికి నడిచాడు, వెనకాలే మేరీ పిన్ని, ఆవిడ వెనకాల వీధి. వేలు కిటికీ దాటి, గోడ దిగి, మూలకి వచ్చింది. అక్కడ నల్ల వైరు నేల మీద పడుంది. ప్లగ్గులో నా ఛార్జర్ దర్జాగా కూర్చుంది.

మంచం మీంచి నాన్నమ్మ అంది, "చూసి పీకవే అన్నానా?"

మేరీ పిన్ని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "నువ్వా! ఆ పాలు ఆ పిల్ల తాగిందో లేదో ఇప్పుడు నాకెవరు చెప్తారే!"

నాన్నకి ఫోన్ చేస్తే, "స్టార్‌కి ఇప్పుడు వరండా ప్లగ్గు వాడుతున్నా, దాన్ని కూడా జనవరిలోనే తీసి అటక మీద పెట్టానమ్మా. ఈసారి తొందరగా తీశానని మీ అమ్మ మెచ్చుకుంది కూడా" అన్నాడు ముచ్చటగా. ఆయన జీవితంలో మొదటిసారి టైంకి తీశాడు, నేను నమ్మలేదు!

బాషా బాబాయ్ నా మొహం చూశాడు. నేను అంతసేపు తిట్టిన తిట్లకి, నాలుగు తిరిగిచ్చినా న్యాయమే. ఆయన నా ఛార్జర్ తీసి, ఆ వైరు పెట్టి, తన సంచిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి నా లాప్‌టాప్‌కి ఇచ్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"వాళ్లతో కరెంటు పోయిందని చెప్పెయ్ పాపా. అబద్ధం కూడా కాదు. నేనెవరికీ చెప్పన్లే."

నిజం చెప్పొద్దూ, ఆశ పుట్టింది. 'పవర్ ఫెయిల్యూర్' అంటే రెండు మాటల్లో అయిపోతుంది, ఎంత గౌరవంగా ఉంటుంది! కానీ చెమటతో ముద్దయిన ఆ చొక్కా ఎదురుగా ఉంటే, వాళ్లు 'ఎవరి నిర్లక్ష్యం' అని అడిగితే ఈయన పేరెలా చెప్పను?

గంట తర్వాత నోరా మేడమ్ వచ్చింది. "రూట్ కాజ్ దొరికిందా?"

"దొరికింది మేడమ్."

"ఏంటది?"

"నేను."

మొత్తం చెప్పేశాను. స్టార్, ఆగస్టు, ఇనప పెట్టె, ముప్పావు గంట, ఆపరేటర్‌ని తిట్టడం, అన్నీ. 'ఏమీ తెలియని మనిషి' అని ఇందాక అన్నది కూడా నా గురించే అని ఒప్పుకున్నాను. ఈసారి నెట్ బాగానే ఉంది, మేడమే బిగుసుకుపోయింది. అప్పుడు, అంతసేపూ మాట్లాడని గడ్డం ఆయన పెన్ను కింద పెట్టాడు.

"నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో మా ఆఫీసు మొత్తానికి ఇదే పని చేశాను. ఒప్పుకోడానికి నాకు మూడు రోజులు పట్టింది. నీకు గంట పట్టింది."

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. 'మీ రిపోర్టు మాకెంతో నచ్చింది' అని మొదలైంది. అలవాటు కొద్దీ 'కానీ' కోసం వెతికాను. లేదు! ఆఫర్ లెటరూ, వర్క్ పర్మిట్‌కి పంపాల్సిన కాగితాల లిస్టూ ఉన్నాయి. ఎగిరి గంతేసి, ముందు బాషా బాబాయ్ ఇంటికే స్వీట్లు పట్టుకెళ్లాను.

"సంతోషం పాపా! ఇంతకీ అక్కడ నీ పనేంటి?" అన్నాడు.

"నెట్ పోకుండా చూసుకోవడం, బాబాయ్."

ఆయన స్వీటు నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. పాపం, నవ్వు ఆపుకోడానికి చాలా కష్టపడ్డాడు. ఏమీ అనలేదు, మంచి మనిషి. కానీ ఇవాళ పొద్దున తెనాలి బయల్దేరుతూ ముందు గదిలోకి వెళ్లి చూద్దును కదా, ఆ ప్లగ్గు మీద ఒక అట్టముక్క అంటించి ఉంది. రాయడం రాదన్న మనిషి, ఎర్ర ఇంకుతో ఎంత ముత్యాల్లా రాశాడో!

'ఈ ప్లగ్గు ఎవరూ పీకరాదు. ముఖ్యంగా ఇంజనీరు గారు.'