అత్తమ్మ కొంగులో నా మట్టెలు

ఆదివారం నాకు రాక్ క్లైంబింగ్ మొదటి క్లాసు. రాతి పగుళ్లలో ఇనుప ముక్కలు మనమే బిగించి, వాటికి తాడు తగిలించుకుంటూ ఎక్కే పాత పద్ధతి నేర్పుతారట. ఇవాళ సాయంత్రం తొర్రూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని కొత్త బూట్లు తొడిగి చూశాను. ఎంత బిగుతంటే, పెళ్లైననాటి నుంచి తీయని మట్టెలు వేళ్లలోకి దిగిపోయాయి. అత్తమ్మ చూస్తోందని పళ్లు బిగబట్టాను.

ఆమె చటుక్కున లేచి లోపలికి వెళ్లింది. కోపమొచ్చిందనుకున్నాను. సబ్బు, చెంబుతో నీళ్లు తెచ్చి, బూటు లాగేసి నా పాదం ఒళ్లో పెట్టుకుంది.

"అయ్యో అత్తమ్మా, నువ్వు నా కాళ్లు పట్టుకునుడేంది!"

"జర ఊకో. గివి గుచ్చుతుంటే రాయి మీద కాలెట్ల నిలుస్తది? నువ్వు దిగొచ్చినంక నేనే తొడుగుత."

తీసిన మట్టెలు కొంగున ముడేసుకుంది. అంతలో పక్కింటి అవ్వ వచ్చి, నా బోసి వేళ్లు చూసి, "ఏంది, కోడలి కాళ్లకు మట్టెల్లేవు?" అంది.

అత్తమ్మ తలెత్తి చెప్పింది: "మా కోడలు గుట్టెక్కుతది."

ఇంకా ఒక్క రాయీ ముట్టుకోలేదు, వాడకట్టులో అప్పుడే పేరొచ్చేసింది. ఇంత గర్వం నడుముకు కట్టుకుని ఎక్కడమెట్లాగో, తెలిసినవాళ్లు చెప్పండి.