రక్తదానం లైన్లో నా ముందు యాదగిరి

పురానాపూల్‌లో మా పాల దుకాణం పక్కనే ఉండే యాదగిరి అంటే నాకు చిన్నప్పటి నుంచీ కుళ్లు. వాడు ఏడాదికి మూడుసార్లు రక్తమిచ్చి ఫోటో పెడతాడు. బస్తీ అంతా లైక్ కొడుతుంది, మా అమ్మతో సహా.

ఈ రోజు కమ్యూనిటీ హాల్లో క్యాంపు పెడితే నేనూ వెళ్లాను. దానం చేద్దామని కాదు. పోయిన నెల ఏ జాగ్రత్తా లేకుండా ఒకరితో పడుకున్నాను, అప్పటి నుంచి భయం. రక్తమిస్తే టెస్టులు ఎలాగూ చేస్తారు, ఎవరికీ తెలియకుండా పనైపోతుందనుకున్నాను. ఫారంలో 'ఈమధ్య అలాంటి సంబంధం ఏదైనా ఉందా' అనే ప్రశ్న దగ్గర 'లేదు' అని టిక్కు పెట్టేశాను.

నా ముందు కూర్చున్న యాదగిరి ఫారంలో అదే ప్రశ్న చూపించి నర్సుతో మెల్లగా అన్నాడు: "మేడం, గీ సవాల్‌కు నా జవాబు 'ఉన్నది'. ఈసారి నా రక్తం తీస్కోకుండ్రి. టెస్టు ఏడ చేస్తరో చెప్పుండ్రి."

"మంచిగ చెప్పినవన్నా. కొత్తగ అంటుకున్న రోగం మా టెస్టుల దొరక్కపోవచ్చు. ఎక్కించుకున్నోళ్ల గతి ఏంగావాలె?" అంటూ ఆమె సర్కారు దవాఖానాకు చీటీ రాసిచ్చింది.

నాకు సిగ్గేసింది. ఫారం చింపేసి, "నాకూ ఒక చీటీ ఇయ్యుండ్రి" అన్నాను.

తీరా దవాఖానాకు వెళ్తే, అక్కడి లైన్లోనూ నా ముందు వాడే! నన్ను చూసి బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

వాడి పేరూ గుర్తులూ మార్చి రాస్తున్నాను, నా పేరు మాత్రం ఈ పోస్టు పైన కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఇలాంటి వాణ్ని చూసి కుళ్లుకోకుండా ఎలా ఉండమంటారు?