పొద్దును చూసి కట్టిన గోడ

ఇన్నేళ్ళుగా ఒక గోడను మోస్తున్నాను. మేస్త్రీ పని చేసి బతికినవాణ్ణి, ఎన్నో గోడలు కట్టాను. కట్టి వదిలేశాను. ఏదీ నా వెంట రాలేదు. ఇదొక్కటే వచ్చింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి.

కువైట్ యుద్ధం ముగిసిన కొత్త. ఒమాన్‌లో షినాస్ దగ్గర మా కంపెనీ క్యాంపు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క దూరంగా కొండలు. క్యాంపులో వంట చేసే ఖాదర్ చాచా మా కరీంనగర్ జిల్లావాడే. నన్ను కొడుకులా చూసుకున్నాడు. శనివారం నేను మాంసం ముట్టనని నాకు విడిగా పప్పు వండేవాడు. ఎవరైనా సణిగితే గరిటె చూపించేవాడు. కంటైనర్ నీడలో నమాజు చేసుకునేవాళ్ళకు ఒక గది కావాలని ఆయన మేనేజర్ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి మిగిలిపోయిన బ్లాకులతో కట్టుకోవడానికి ఒప్పించాడు. కట్టే పని నాకు పడింది.

నమాజులో అందరూ మక్కాలోని కాబా ఉన్న దిక్కుకు తిరిగి నిలబడాలి. దాన్ని కిబ్లా అంటారు. ఇంజనీరు ఆ దిక్కు చూసి రెండు మేకులు పాతి, దారం కట్టి, సెలవు మీద ఊరికి వెళ్ళిపోయాడు. మర్నాడే నీళ్ళ ట్యాంకర్ వెనక్కి వచ్చి మేకులను లేపేసింది. రా, రా అని చెయ్యి ఊపింది నేనే.

ఫోర్‌మన్‌కు తెలిస్తే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తాడని వణికిపోయాను. మా ఊళ్ళో సాయిబులు పడమటికి తిరిగి నమాజు చేయడం చిన్నప్పటినుంచి చూశాను. పడమరంటే పొద్దు గూకే వైపు. ఇంతే కదా అనుకున్నాను. నిండు ఎండాకాలం. సాయంత్రం దాకా ఆగాను. రెండు కొండల మధ్య సందులోకి పొద్దు దిగుతుంటే, ఆ సందుకు గురిపెట్టి దారం లాగాను. చాచా చాయ్ తెచ్చి, దిక్కు సరిగ్గా ఉందా అని అడిగాడు. ఇంజనీరే పెట్టాడని చెప్పాను. అది మొదటి అబద్ధం.

ఇంజనీరు తిరిగొచ్చేసరికి కప్పు కూడా పడింది. తొంగి చూసి, బాగుందని వెళ్ళిపోయాడు.

చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం ఆ గది ముందు నిలబడి చూస్తే పొద్దు ఆ సందులో లేదు. ఎంతో ఎడమకు జరిగి గూకుతోంది. రైతు కొడుకుని. ఎండాకాలంలో పొద్దు ఒక చోట, చలికాలంలో ఇంకో చోట గూకుతుందని నాకు తెలియదా? తెలుసు. మరి ఆ సాయంత్రం ఎందుకు గుర్తు రాలేదు? గుర్తు రానివ్వలేదేమో. తర్వాత దగ్గరి పట్నం సోహార్ వెళ్ళినప్పుడు అక్కడి మసీదులను మేస్త్రీ కన్నుతో చూశాను. మా గది ఒక్కటే పక్కచూపు చూస్తోంది. క్యాంపులో ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్ళు గోడను నమ్మారు.

అప్పుడు ఇంగ్లండ్ నుంచి జమాత్ వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. వీళ్ళు పనులు కొన్నాళ్ళు పక్కనపెట్టి, సొంత ఖర్చుతో ఊరూరా తిరుగుతూ, తమ మతంవాళ్ళకే మతాన్ని గుర్తుచేసే మనుషులు. పరుపుచుట్టలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, అదే వాళ్ళ సామాను. వచ్చినవాళ్ళలో ఒకడు తెల్లవాడు. వడ్రంగి. పెద్దయ్యాక ముస్లిం అయ్యాడట. ఇబ్రహీం అని పిలిచేవారు.

మేము చూసిన తెల్లవాళ్ళు ఏసీ కార్ల అద్దాలు కూడా దించేవాళ్ళు కాదు. ఇతను మాతో నేల మీద కూర్చుని, ఒకే పెద్ద పళ్ళెంలో చేత్తో తిన్నాడు. తిని గిన్నెలు తోమాడు. మర్నాడు పొద్దున చాచా పరుగెత్తుకొచ్చి నన్ను లేపాడు. "దొర బాత్రూంలు కడుగుతున్నడు రా! నా కండ్లతోని చూసిన!" వెళ్ళి చూశాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చీపురు పట్టుకుని, మమ్మల్ని చూసి సిగ్గుపడ్డాడు. ఏ దేవుడు ఒక మనిషిని ఇంత దూరం తెచ్చి, ఇంత కిందికి వంచి, ఇంత సంతోషంగా ఉంచగలడు? నన్ను మతం మారమని ఒక్క మాట అనలేదు. మేస్త్రీనని చెప్తే నా అరచేయి తడిమి చూసి, తన చేతి కాయలు చూపించాడు.

విరిగిన ఉర్దూలో తన ఊరి సంగతులు చెప్పేవాడు. వాళ్ళ ఊళ్ళో మిల్లులు మూతపడ్డాయి. పనికోసం అక్కడికి పోయిన మనవాళ్ళ కొడుకులు తాగుడు దుకాణాల్లో తేలుతున్నారు. ఈ జమాత్‌వాళ్ళు వానలో తడుస్తూ ఇల్లిల్లూ తలుపు కొడతారు. కొందరు తీస్తారు, కొందరు తెర సందులోంచి చూసి ఊరుకుంటారు. యుద్ధం రోజుల్లో వాళ్ళ మసీదు తలుపు మీద ఎవరో పెయింటుతో బూతులు రాశారట. ఇతను తలుపు ఊడదీసి చిత్రిక పడుతుంటే, ఎప్పుడూ పలకరించని పక్కింటి ముసలాయన వచ్చి తలుపు రెండో కొస పట్టుకున్నాడట. సొంత తల్లి మాత్రం ఇతన్ని పొడుగు చొక్కాలో ఇంట్లోకి రానివ్వదు. గుమ్మం దగ్గరే టీ ఇస్తుంది. "కానీ చక్కెర సరిగ్గా వేస్తుంది" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఏడుపొచ్చింది.

వచ్చిన రోజే మధ్యాహ్నం, నమాజుకు ముందు, ఇబ్రహీం జేబులోంచి చిన్న దిక్సూచి తీశాడు. ముల్లును చూశాడు, గోడను చూశాడు. మళ్ళీ ముల్లును చూశాడు. ఈ గది ఎవరు కట్టారని మెల్లగా అడిగాడు. చాచా గర్వంగా నన్ను చూపించాడు. అందరూ నా వైపు తిరిగారు.

"గోడలో ఇనుముంది" అన్నాను. "ముల్లును లాగేస్తుంది."

ఇబ్రహీం బయటికి వెళ్ళి చూడబోతూ అడుగు వేశాడు. చాచా నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మా పోరడు అబద్ధమాడడు. వాడు పెట్టిన దారం దారమే. నేను దగ్గరుండి చూసిన" అన్నాడు. అదే మాట వాళ్ళకు ఉర్దూలో కూడా చెప్పాడు.

ఇబ్రహీం ఆగాడు. నన్ను చూశాడు. దిక్సూచి జేబులో పెట్టుకున్నాడు. అందరి వెనక, మూలలో, తన చాప కొంచెం ఏటవాలుగా వేసుకుని నిలబడ్డాడు. ఉన్నన్ని రోజులూ అలాగే. "దొర కదా, పాపం వరుస తెల్వదు" అని చాచా నా చెవిలో గొణిగి నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వును ఇప్పటికీ క్షమించుకోలేను.

వెళ్ళే రోజు పరుపు చుట్టుకుంటూ నన్ను దగ్గరికి పిలిచాడు. వాళ్ళ మసీదు ఒకప్పుడు చర్చి అట. జనం రావడం మానేసి, కప్పు కారుతుంటే వీళ్ళు కొన్నారు. దాని గోడలు ఒక దిక్కు, కిబ్లా ఇంకో దిక్కు.

"మరి గోడలు పడగొట్టారా?" అన్నాను.

"ఎందుకు? చాపలు తిప్పి వేశాం. మూలల్లో ముక్కోణం ఖాళీలు మిగిలాయి. అక్కడ పిల్లలు ఆడుకుంటారు."

పరుపుకు తాడు బిగించి మళ్ళీ అన్నాడు. "తెలియక ఎటు తిరిగినా దేవుడు తీసుకుంటాడు. తెలిసినవాడు చెప్పాలి. నేను అతిథిని, నువ్వు ఈ ఇంటివాడివి."

నా పరువు చాచా ముందు తియ్యకుండా, దారి నా చేతిలో పెట్టి, పరుపు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అంత పెద్ద మనసును నేను మళ్ళీ చూడలేదు. చాపలు తిప్పితే చాలు. ఒక్క పూట పని. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగ భయం అప్పటికి పోయింది. మా పోరడు అబద్ధమాడడు అన్న ఆ ఒక్క మాట పోతుందని భయం. నన్ను గురించి అంతకు ముందు ఎవరూ అలా అనలేదు. ఆ మాట కోసం ఆయన్ని రోజూ ఐదు పూటలా పక్కకు తిరిగి నిలబడనిచ్చాను.

తర్వాత కొన్నేళ్ళకు చాచా వంటింట్లోనే గుండె ఆగి పోయాడు. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే షినాస్‌లోనే ఖననం చేశారు. నేను గోరీల గోడ బయట నిలబడి చూశాను. ఆయన్ని కుడి పక్కకు ఒరిగించి, మొహం కిబ్లాకు తిప్పారు. అక్కడినుంచి కూడా ఆ కొండల సందు కనబడుతోంది. చాచా మొహం సందు వైపు లేదు. దానికి ఎంతో ఎడమకు ఉంది. బతికుండగా నేను తిప్పాల్సిన మనిషిని, ముక్కూమొహం తెలియనివాళ్ళు మట్టిలో తిప్పారు.

మర్నాడు నమాజుకు ముందు ఆ గదిలోకి వెళ్ళి చాపలన్నీ ఏటవాలుగా తిప్పి వేశాను. డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు చూసి, ఎవడ్రా వంకరగా వేసింది అని తిట్టుకుంటూ మళ్ళీ గోడకు సరిగ్గా లాగారు. నేనూ వంగి, ఒక కొస పట్టుకుని, వాళ్ళతోపాటు లాగాను.

ఆ గది ఇప్పుడు ఉందో, రోడ్డు కింద పోయిందో తెలియదు. క్షమించమని ఎవర్ని అడగను? మీరు క్షమించలేరు, అది మీ సొత్తు కాదు. అడగడం కూడా లేదు. ఆయన చాయ్ తెచ్చి అడిగినప్పుడు చెప్పాల్సిన మాటను ఒక్కసారి బయటికి అననివ్వండి.

చాచా, దారం ఇంజనీరు పెట్టలే. నేనే పెట్టిన. పొద్దును చూసి పెట్టిన. మీ పోరడు అబద్ధమాడిండు.