ఝోలూకి ఓట్లేయించిన మా మేనత్త

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న, భిలాయిలోనే ఉన్న రుఆబాంధా నుంచి ఫోను వచ్చింది. చేసింది మా మేనత్త పక్క క్వార్టరులో ఉండే దీదీ. మీ అత్త ఇక లేదని హిందీలో నాలుగు మాటల్లో చెప్పి ఏడ్చేసింది. పాలు తీసుకుందట, టీ పెట్టుకుందట, వరండాలో కుర్చీలో కూర్చుందట. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయింది. నేనుండే మరోదా నుంచి స్కూటీ మీద వెళ్ళేసరికి టీ గ్లాసు కింద పెట్టి ఉంది, ఫోను ఒళ్ళోనే ఉంది. నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, విసుగు. ఇంత పొద్దున్నే ఇంకా ఎవరిని నిద్రలేపుదామనుకున్నావు అత్తా, అనుకున్నాను.

ఇప్పుడు ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది కూడా ఆ విసుగే. ఆవిడతో ఉన్నవాళ్ళెవరికైనా అంతే.

విజయనగరం దగ్గర పల్లె నుంచి పెళ్ళై భిలాయి వచ్చిన మనిషి. స్టీలు ప్లాంటు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ముప్పై ఏళ్ళు చేసింది. ఆవిడకి మనుషుల ముఖాలకన్నా గొంతులు బాగా గుర్తుండేవి. కూరగాయల బజారులో వెనక నుంచి ఎవరో బేరమాడుతుంటే తిరిగి చూడకుండానే, "ఆయన కోకు ఓవెన్లలో చేసీవోడు, రాత్రి షిఫ్టులో ఇంటికి ఫోను చేసి పెళ్ళాన్ని తిట్టీవోడు" అని నా చెవిలో చెప్పేది. చెవిలో అంటే ఆయనకి కూడా వినపడేంత చెవిలో. మామయ్య పోయి చాలా ఏళ్ళైంది, పిల్లలు లేరు. రిటైరయ్యాక ఆవిడకి కలపడానికి లైన్లు లేకుండా పోయాయి, మమ్మల్ని మాత్రం వదల్లేదు.

ఫోనులో హలో అనేది కాదు. నేను ఎత్తగానే "నిద్ర లేచేవా?" అనేది. లేచానంటే, "లేచిన గొంతు కాదది" అనేది.

ఈ ఓట్ల గొడవలో నా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. రెండేళ్ళ కిందట ఆవిడకి మోకాలి ఆపరేషను జరిగితే ఆరు వారాలు మా ఇంట్లో పెట్టుకున్నాను. ఫ్యాను స్పీడు ఎక్కువైందని, పప్పులో ఉప్పు తక్కువైందని, పాలవాడు గంట సరిగ్గా కొట్టలేదని రోజంతా ఒకటే సతాయింపు. నేను హథ్‌ఖోజ్‌లో బోల్టులు తయారుచేసే చిన్న యూనిట్లో ఆఫీసు పని చూస్తాను. ఇంటికొచ్చేసరికి తల పగిలిపోయేది. ఒక సాయంత్రం కాస్త నోరు మూసుకుని కూర్చుంటుందని ఆవిడ ఫోనులో ఒక గేము పెట్టి ఇచ్చాను.

ఆ గేములో ఒక రాకుమారి తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ అడవిలో తిరుగుతుంది. ఆమెకి ఏడుగురు తోడు. ఆ ఏడుగురిలో అందరికన్నా చిన్నవాడు ఒక ముంగిస. భుజాన ఝోలా, అంటే సంచి, వేసుకుని వెనకాల నడుస్తాడు, అందుకే వాడి పేరు ఝోలూ. యుద్ధం చెయ్యడు, మంత్రాలు రావు. ఆడేవాళ్ళు దారి తప్పితే మాత్రం వెతుక్కుంటూ వస్తాడు. దూరం నుంచే "రుకో, ఆ రహా హూఁ" అని అరుస్తాడు. ఆగు, వస్తున్నా అని. మా అత్త రాకుమారి తమ్ముణ్ణి పూర్తిగా వదిలేసింది. కావాలని తప్పుదారి పట్టి, గుహల్లో దూరి, ఝోలూ ఎప్పుడొస్తాడా అని చూస్తూ కూర్చునేది.

"ఓలే, మళ్ళీ వొచ్చేడే! ఎంత దూరం ఎల్నా వొచ్చేత్తన్నాడు!" అని వంటింట్లో ఉన్న నన్ను కేకేసేది. వచ్చి చూడకపోతే కోపం.

కాలు బాగై రుఆబాంధా వెళ్ళిపోయింది. గేము కూడా ఆవిడతో వెళ్ళింది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, ఏడాది పైన.

పోయిన చలికాలం ఆ గేము కంపెనీవాళ్ళు ఓటింగు పెట్టారు. రాబోయే కొత్త గేములో రాకుమారి వెంట ఒక్కరే ఉంటారట. ఎవరుండాలో ఆడేవాళ్ళే తేల్చాలట. మూడు వారాల గడువు, ఒక ఫోను నుంచి రోజుకి ఒక్క ఓటు. కత్తి పట్టిన తోడేలు ఒకటుంది, అందరూ దానికే వేస్తున్నారు. ఝోలూ అభిమానులంతా కలిసి ఝోలూ సేన అని ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పుణె, రాంచీ, భోపాల్, ఎక్కడెక్కడి కాలేజీ పిల్లలో అందులో ఉన్నారు. వాళ్ళ మధ్య డెబ్బై రెండేళ్ళ మా అత్త. వాళ్ళు దాదీ అని పిలిచేవారు. నాకు కబురందేసరికి ఆవిడ ఛత్తీస్‌గఢ్ ఇన్‌ఛార్జి కూడా అయిపోయింది.

ఇక మొదలైంది. పొద్దున్న ఆరు పదికి ఫోను.

"ఏసేవా?"

"ఏటి అత్తా?"

"ఏటేటి? ఓటు!"

ఇరవై ఒక్క రోజులు. ఆదివారం కూడా. నాతో అయిపోతే రోలింగు మిల్లు ఫోర్‌మనుగా రిటైరైన బాబాయిగారికి, తర్వాత హాస్పిటలు నర్సమ్మకి, తర్వాత పక్కింటి దీదీకి. ఎవరి నంబరూ ఎక్కడా చూసుకునేది కాదు, అన్నీ నోటికే. ఎవరు ఎన్ని గంటలకి లేస్తారో తెలుసు, సరిగ్గా అంతకి అరగంట ముందు చేసేది. బాబాయిగారు నాకు ఫోను చేసి, "అమ్మా, మీ అత్తకి సెప్పమ్మా, బీపీ మాత్ర కూడా ఏసుకోనీదు, ముందు ముంగిసంతాది" అని మొరపెట్టుకున్నారు. చెప్పాను. మర్నాడు ఆయనకి ఇంకో పది నిమిషాలు ముందు మోగింది.

కార్తీక వనభోజనాలకి ఇక్కడి తెలుగువాళ్ళమంతా పార్కులో చేరాం. పెద్దావిడ కదా, నాలుగు మంచి మాటలు చెప్తుందని ఎవరో మైకు ఇచ్చారు. మా అత్త గొంతు సవరించుకుని, "అందరూ ఫోన్లు తియ్యండి" అంది. ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేసి ఉన్నాయి. వడ్డించేవాళ్ళు పులిహోర బేసిను పట్టుకుని నిలబడిపోయారు. తలెక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. వెళ్ళి కొంగు పట్టి లాగాను.

"అత్తా, అన్నాలు చల్లారిపోతున్నాయి. దిగు."

"పులోర సల్లారితేనే బాగుంతాది. నువ్వు కూకో."

వరసలో ఒక్కొక్కరి దగ్గరా వంగి, ఎక్కడ నొక్కాలో చూపించింది. ఒక ముసలాయన ఫోను ఆవిడ చేతిలో పెట్టేసి "నువ్వే నొక్కేయమ్మా" అన్నాడు. "నాను నొక్కితే అది నా ఓటవుద్ది, నీదవదు. నీ యేలితో నువ్వే నొక్కాల" అని తిరిగిచ్చేసి, ఆయన నొక్కేదాకా పక్కనే నిలబడింది.

ఆ రోజు ఇంటికెళ్ళే దారిలో ఆటోలో పోట్లాడుకున్నాం. "అది బొమ్మ అత్తా! ముంగిస బొమ్మ! జనం నవ్వుతున్నారు" అన్నాను.

"బొమ్మని నాకు తెల్దా? నాకేటి మతి పోనాదా?"

"మరి ఎందుకింత తాపత్రయం? నువ్వు కూడా జీవితమంతా ఇతరుల లైన్లు కలిపావు గనక, వాణ్ణి చూస్తే నీలాగే ఉన్నాడనా?" చదువుకున్నదాన్ని కదా, పెద్ద విషయం కనిపెట్టాననుకున్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "నాను ఎక్స్ఛేంజిలో సీనియర్ ఆపరేటర్నే. ఆడేటి, సంచి మోసీవోడు. ఆడూ నానూ ఒకటేటి?" అంది. ఆటోవాడికి మలుపు చూపించి, "ఆడు బాగున్నాడే. అంతే. బాగున్నోడికి ఓటెయ్యడానికి ఇంత కత కావాలా?" అంది.

మూడో వారంలో ఝోలూ రెండో స్థానానికి వచ్చాడు. తోడేలు ఇంకా చాలా ముందుంది. ఓడిపోతే ఈవిడ ఎన్ని నెలలు సాధిస్తుందో తలుచుకుంటేనే భయం వేసింది. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే భయ్యాని అడిగాను. దొంగ ఫోను నంబర్లతో ఖాతాలు తెరిచి వందలకొద్దీ ఓట్లు వెయ్యడం తనకి అరగంట పని అన్నాడు. వేయించాను. ప్రేమతో చేశానని ఇప్పుడు రాసుకోవచ్చు గానీ, అది అబద్ధం. గెలిస్తే ఫోన్లు ఆగుతాయని చేశాను.

మర్నాటికి ఝోలూ మొదటి స్థానంలో ఉన్నాడు. ఆరు పదికి ఆవిడ గొంతు ఇరవై ఏళ్ళ పిల్ల గొంతులా ఉంది. "సూసేవా? సూసేవా?" అని రెండుసార్లు అంది. "చూశాను అత్తా, చాలా సంతోషం" అన్నాను.

"ఏటి సేసేవు?" అంది.

"నేనేం చేశాను?"

"గొంతు తెలిసిపోతాది నాకు. ఏటి సేసేవో సెప్పు."

అబద్ధమాడటానికి ఆవిడ ముందు ఎవరి గొంతూ పనికిరాదు. చెప్పేశాను. తిడుతుందని చూశాను, తిట్టలేదు. ఫోను పెట్టేసింది. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా రుఆబాంధా వెళ్ళేసరికి కళ్ళద్దాలు పెట్టుకుని, కంపెనీకి హిందీలో ఉత్తరం రాసి ఫోనులో పంపేసి కూర్చుంది. నిన్న రాత్రి ఝోలూకి పడినవి దొంగ ఓట్లు, మా మేనకోడలు వేయించింది, తీసేయండి అని. నా పూర్తి పేరు కూడా రాసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరడిగారు నిన్ను? గెలిచేవాడు కదా! ఇరవై రోజులు ఊరందరి నిద్రా చెడగొట్టి, చివరికి నువ్వే ఓడించావు!"

"ఓడిపోనీ."

"మరి ఇదంతా ఎందుకు చేసినట్టు?"

"నిజంగా ఆడికి ఎంతమందున్నారో తేలాలని. నువ్వేసిన ఓట్లలో మనుషులు నేరు కదే."

కంపెనీ ఆ ఓట్లు తీసేసింది. రెండు వాక్యాలు రాసి ధన్యవాదాలు చెప్పింది. తోడేలు గెలిచింది, ఝోలూ రెండోవాడు. కొత్త గేములో వాడు లేడు. ఉత్తరం సంగతి ఆవిడే గ్రూపులో చెప్పేసింది. దాచడం చేతనైతే మా అత్త ఎందుకవుతుంది? దాదీ అని పిలిచిన పిల్లలే గద్దార్ అన్నారు, ద్రోహి అని. ఎవరో ఇంకా మోటుగా అన్నారు. ఆ సాయంత్రమే గ్రూపు నుంచి తీసేశారు. నేను దొంగ ఓట్లు వేయించినందుకు శిక్ష ఆవిడకి పడింది. ఆ మాట అప్పుడు నేను ఆవిడతో అనలేదు. కోపంలో ఉన్నాను, ఆవిడే కొని తెచ్చుకుందని నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాత తొమ్మిది రోజులు నాకు ఫోను రాలేదు. ఆరు పదికి మెలకువ మాత్రం వచ్చేసేది. పడుకుని గడియారం చూస్తూ ఇంకా విసుక్కునేదాన్ని, ఇప్పుడు నిద్ర కూడా లేకుండా చేసిందని. పదో రోజు మోగింది.

"నిద్ర లేచేవా?"

"లేచాను. ఏంటి పని?"

"పనేటీ నేదు. ఊరికే సేసేను."

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే పాలవాడి గురించి మొదలుపెట్టేసింది. నేనూ ఊరుకున్నాను. తర్వాతా అడగలేదు. ఇక్కడ రాయడం తప్ప నాకిప్పుడు వేరే దారి లేదు.

ఆవిడ పోయిన మూడో రోజున చుట్టాలకి కబురు చెయ్యడానికి ఆ ఫోను తెరిచాను. ప్రతి ఆదివారం రాంచీ నుంచి ఒకే నంబరు. గంటసేపు, గంటన్నర. నాకెప్పుడూ చెప్పలేదు. చేస్తే ఒక ఆడపిల్ల ఎత్తింది. ఝోలూ సేనలో ఉండేదట, కాలేజీలో చదువుతోందట. దాదీని తీసేసిన రోజే తనూ గ్రూపులోంచి వచ్చేసిందట. ఆదివారాలు ఏం మాట్లాడుకునేవారని అడిగాను. "దాదీ మాట్లాడేది, నేను వినేదాన్ని" అని హిందీలో చెప్పి, కర్మ ఏ రోజని అడిగి ఫోను పెట్టేసింది.

పదకొండో రోజుకి రుఆబాంధాలో ఆవిడ నిద్ర చెడగొట్టినవాళ్ళందరూ వచ్చారు. ఫోర్‌మను బాబాయిగారు, నర్సమ్మ, పక్కింటి దీదీ. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆవిడ మీద ఫిర్యాదులే చెప్పుకున్నారు. "ఇప్పుడు ఏడయినా లేవబుద్ది కావట్లేదమ్మా" అని బాబాయిగారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. భోజనాల వేళకి, ముందు మాట కూడా చెప్పకుండా, ఆ రాంచీ పిల్ల దిగింది. దుర్గ్ స్టేషను నుంచి ఆటోలో వచ్చిందట. వీపున బ్యాగు, నలిగిన బట్టలు, ఇరవై ఏళ్ళుంటాయేమో. వంటవాళ్ళకి లెక్క తప్పిందని ఒకపక్క నేను విసుక్కుంటూనే విస్తరి వేయించాను. ముసలమ్మలు ఆ పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని తెలుగులో ఏవేవో చెప్తున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అన్నిటికీ తలూపుతోంది.

తిన్నాక, నేనేమైనా పని చెయ్యనా దీదీ, అని నన్నడిగింది. ఏ పనీ తోచక, పెరట్లో మొక్కలకి పది రోజులుగా నీళ్ళు లేవన్నాను. బకెట్టు నింపుకుని వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే కరివేపాకు మొక్కకి మగ్గుతో పైనుంచి, ఆకుల మీద పోస్తోంది. అలా కాదమ్మా, మొదట్లో పొయ్యి అని అరవబోయి ఆగాను. ప్లాంటు నుంచి వచ్చి పేరుకున్న ఇనుప దుమ్ము ఆకుల మీంచి కారి, గచ్చు మీద ఎర్రగా పాయలు కట్టి పారుతోంది. ఆ పిల్ల చెప్పులు విడిచి పక్కన పెట్టి, ఇంకో మగ్గు ముంచింది.